ఊట

ముద్దు పెట్టుకుంటే ఉప్పగా ఉందని
మొదట చెప్పింది నేనే.
"ఆదోని బోరు నీళ్లు గదా, పట్టకుంటాదా ఉప్పు"
అన్నారు ఇంట్లో.
రాయవేలూరులో చెమట కొలిచేదాకా
ఆ మాటనే నమ్ముకున్నాం.

పేరు ఉరుకుందమ్మ.
పేరులో ఉరుకు ఉంది గానీ
మిద్దె మెట్లు నాలుగెక్కితే
ఎదలో పిండిమర తిరుగుతాది.

పొద్దున ఐదుకు, కరెంటు ఉన్నప్పుడే లేపుతాను.
ముందు గొట్టాలు విప్పే మందు రెండు పీల్పులు.
పావుగంట ఆగి
ప్లాస్టిక్ బుడ్డి మెడ విరిచి
గిన్నెలో నాలుగు మిల్లీల ఉప్పునీళ్లు.
మిషను గుర్రుమంటాది.
మాస్కు అంచుల్లోంచి మంచు,
మా ఎండల ఊరికి ఎన్నడూ తెలియని మంచు.

"ఉప్పుబిడ్డకు ఉప్పే మందు ఎట్లయితాదే?"
మా యమ్మ అడిగింది.
డాక్టరు చెప్పింది నోటికి రాక
మామిడి ముక్కల జాడీ చూపించినాను.
ఉప్పు పట్టించి మూతేస్తే
తెల్లారేసరికి ఊట దిగదా?
దీని ఊపిరి గొట్టాల్లోనూ అంతే.
ఎండిన గోడ చెమ్మగిల్లాల,
బంకతెమడ జారాల.
అమ్మ చానాసేపు ఏమీ అనలే.
నన్ను తన తమ్మునికే ఇచ్చింది తను.

మొదట్లో గొంతు మంటని
మాస్కు విసిరికొట్టేది.
ఇప్పుడు లోపలే ఎక్కాలు చదువుకుంటాది,
పదమూడో ఎక్కం ముగిసేసరికి మందు అయిపోతాది.
ఆపైన బోర్లా పండబెట్టి
దోసిలి గుంట చేసి వీపు తడతాను.
దగ్గు. మళ్లీ దగ్గు.
గిన్నెలో పడినదాన్ని వెలుతురుకు పట్టి
పచ్చనో తెల్లనో చూస్తాను
బంగారం గీటు చూసే షరాబు లెక్క.

మామ జిన్నింగు మిల్లు నుంచి వచ్చి
గడప బయటే నీళ్లు పోసుకుంటాడు.
చెవుల వెనక దూది పోయేదాకా బిడ్డను ముట్టడు.
ఇంకో మందుందంట,
తెమడలోని పీచును ముక్కలుగా కత్తిరిస్తాదంట.
"పీచు సంగతి నాకు చెప్పాల్నా" అని నవ్వినాడు.
ధర విన్నాక
బేళ్లలోకి మార్చి లెక్కేసుకుని
ఊరకున్నాడు.

నిన్న సగంలో కరెంటు పోయింది.
ఎదురింటి ఖాజాబీకి ఇన్వర్టరుంది.
మిషను చంకన పెట్టుకుని రోడ్డు దాటుతుంటే
వెనక అడుగుల చప్పుడు,
మెడలో మాస్కు ఊగుతూ
నన్ను దాటి ఉరికింది.
ఆరడుగులు. ఎనిమిది.
ఖాజాబీ గడప పట్టుకుని వంగి దగ్గి దగ్గి
తలెత్తి చెప్పింది:
"పదమూడెనిమిదుల కాడ ఆగింది మా,
ఆడి నుంచే పెట్టు."