లోపలి మిషన్

ధర్మాబాద్ అడత్ బజార్ల మార్చి నెల.
ఫ్యాన్ తిరిగితే తుమ్ము, ఆగితే చెమట.
కంప్యూటర్ డబ్బా విప్పితే
గుప్పెడు మిర్చి దుమ్ము,
ఒకపూట కూరకు సరిపోతది.

కొత్త మిషన్‌కు కాంటా తెలుసు.
బస్త పెట్టంగనే బరువు పట్టుకుంటది.
లెక్క మాత్రం పాతదానికే తెలుసు:
ఇరవై ఏండ్ల కింద నాందేడ్ పిలగాడెవడో
మరాఠీల రాసిచ్చిన ఖాతా.
వాడిప్పుడు ఏడున్నడో. వాని ఖాతా
ఎక్స్‌పీ మీద తప్ప బతకదు.
అందుకే కొత్తదాని కడుపుల
పాతదాన్ని పెట్టి సాకుతున్న.

ఇయ్యాల పొద్దుగాల నుంచి
బయటిదాని మాట లోపలిదానికి ఇనబడ్తలేదు.

పింగ్ కొట్టిన.
నాలుగు పంపితే నాలుగూ గంగల కలిసినయి.
చేరే తోవ లేదన్నది.
గోడకున్న తీగ పీకి, నోటితోని ఊది, మళ్ళ పెట్టిన.
ఆ తీగకూ దీనికీ సంబంధమే లేదు,
చెయ్యి ఊకుంటదా!
బ్రిడ్జ్ పెట్టి చూసిన, న్యాట్ పెట్టి చూసిన,
మళ్ళ తిరిగి హోస్ట్-ఓన్లీ.
నూట తొంభై రెండు, నూట అరవై ఎనిమిది,
యాభై ఆరు, నూటొకటి:
పిలగాళ్ళ పుట్టినరోజులు యాదికుండయి గని
ఇది నిద్రల లేపి అడిగినా చెప్త.

దిగంబర్ సేట్ గల్లా కాడి నుంచే
"ఝాలం కా లింబాద్రీ?"
"హోతయ్ సేట్, హోతయ్."

గడప మీద భూమవ్వ.
గోదారి అవతలి నుంచి తొమ్మిది బస్తలు తెచ్చింది.
కాంటా అయింది, చిట్టి రాలేదు.
నిజామాబాద్ రైలు ఒకటి పోయింది.
"రెండు మిషన్లా బిడ్డా?"
"ఒక్కటే అవ్వా. ఒకదాంట్ల ఒకటి."
"మరి మాట్లాడుకోనీకి ఏం రోగం?"
జెరసేపు ఆగి, కొంగుతోని ముక్కు తుడుసుకోని
"కడుపుల పిల్లకు గుడ బొడ్డుపేగు ఉంటది గద.
అది ఊడిందేమో సూడు."

నవ్విన. నవ్వుకుంటనే సెట్టింగులు తెరిచిన.
అట్టడుగున చిన్న డబ్బ:
కేబుల్ తగిలించి ఉన్నది.
టిక్కు లేదు.

లేని తీగ. అది ఊడి ఉన్నది.
నిన్న రాత్రి తుమ్ముకుంట
నేనే ఎక్కడో నొక్కి ఉంట.

టిక్కు పెట్టిన. మూలకున్న ఎర్ర గుర్తు పోయింది.
మళ్ళ పింగ్.
ఈసారి చేరలేదనలే. టైం అయిపోయిందన్నది.
అంటే తలుపు దాకా పోయింది, తలుపు తీస్తలేరు.
లోపల ఫైర్‌వాల్, రాత్రి తనంతల తనే లేచి
కావలి కూసున్నది, బయట ఇంటోళ్ళే ఉన్నరని తెల్వక.
దాన్ని సముదాయించి పక్కకు జరిపిన.

జవాబు. జవాబు. జవాబు. జవాబు.
ఒక మిల్లీసెకను కన్నా తక్కువట.
నాకు పట్టింది ఆరు గంటలు.

ప్రింటర్ కిర్రుమన్నది.
భూమవ్వకు మరాఠీ రాదు, అంకెలొస్తయి.
ఏలు పెట్టి చదివింది.
"కాంటా మీద మూడు వందల అరవై రెండు కిలోలు.
ఇండ్ల మూడు వందల నలభై నాలుగేంది?"

"బస్తకు రెండు కిలోల తరుగు అవ్వా.
నేను రాయలే. లోపలిది తనంతల తనే కొడ్తది,
ఆ పిలగాడు అట్ల రాసిండు."

చిట్టి మడిచి బొడ్ల దోపుకున్నది.
రెండు అడుగులేసి, ఎనక్కి తిరిగి
సేటుకు ఇనబడకుండ మెల్లగ
"బిడ్డా, ఆ పేగు
మళ్ళ జెర పీకరాదు?"