ఒంటె ఇంట్లో లేని గది

మాకు కిటికీ అద్దాల మీద మంచు
లోపలివైపే పేరుకుంటుంది.
పొయ్యి పక్క బెంచీ కోసం పోట్లాట అయితే గానీ
పాఠం మొదలవదు.

ఆ రోజు పాఠం: నెమరువేసే జంతువు, నాలుగు అరల పొట్ట.
సుద్దముక్కతో నాలుగు గుండ్రాలు గీశాను,
నాలుగు పేర్లు రాశాను, నాలుగుసార్లు పలికించాను.
మర్నాటికి ఒక్కటీ లేదు.
మేసింది మేసినట్టే బయటికి పోయింది.

సరే, బొమ్మలేసి చెప్పండన్నాను.
పాత హాజరు పట్టీలకి వెనకవైపు తెలుపే కదా,
తలా రెండు కాయితాలు.

నొమూన్ ఒక గడ్డిపరకకి పెట్టే దుప్పటీ ఇచ్చి
హాస్టల్లో దించింది.
మొదటి గది కిక్కిరిసి, తడి మేజోళ్ళ కంపు.
రెండో గది గుమ్మంలో వార్డెన్:
"సరిగ్గా నమల్లేదు, మళ్ళీ పైకి పో!"
గడ్డిపరక మెట్లెక్కుతూ తిట్టుకుంటోంది.
ఆ తిట్టు చెరపమన్నాను.
చెరిపింది, సగం.

మూడో గదికి పుస్తకంలా మడతలుంటాయని చెప్పానుగా,
అక్కడ బత్‌మున్ఖ్ గారి ఆవు
కళ్ళజోడు పెట్టుకుని చదువుకుంటోంది.

దాష్‌న్యామ్ ఒంటెని గీశాడు.
గోబీలో పుట్టినవాడు మరేం గీస్తాడు!
రెండు మూపురాలు, వాటి కింద ఇల్లు,
ఇంట్లో మూడే గదులు.
ఎర్ర పెన్నుతో రాశాను: ఒక గది తక్కువ.
వాడేమీ అనలేదు. వాడెప్పుడూ అనడు.
బయటికెళ్ళాలన్నా వేలెత్తి గుమ్మం చూపిస్తాడంతే.

మర్నాడు నా బల్ల మీద ఇంకో కాయితం.
అందులో నేను.
చెవి వెనక ఎర్ర పెన్ను, చేతిలో టార్చిలైటు,
ఒంటె కడుపులో నిలబడి
గోడలు తట్టి చూస్తున్నాను.
ఒంటె మెడ వెనక్కి వంచి
ఎంతో మర్యాదగా అంటోంది, బుడగలో:
"పుస్తకాల గది మా ఇంట్లో లేదు టీచర్.
ఇంక వెతక్కండి, చక్కిలిగిలి పెడుతోంది."

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు.
రాజధానిలో పుట్టినదాన్ని,
ఒంటెల్ని బస్సు కిటికీలోంచి చూసినదాన్ని.
రాత్రంతా ఆ మాటే నెమరేసుకుని
పొద్దున్నే పశువుల డాక్టరుకి ఫోన్ చేశాను,
వేరే ఏదో పనున్నట్టు, మాటల్లో మాటగా.
ఆయన ఏదో నములుతూనే అన్నాడు:
"ఒంటెకి మూడే అమ్మా, ఆవులా గొర్రెలా కాదు.
ఎవరూ చెప్పలేదా నీకు?"

చెప్పారు.

రెండు చలికాలాల కింద, మంచుకి చచ్చిన ఒంటెని
వాళ్ళ నాన్న కోసి చూస్తుంటే
దీపం పట్టుకున్నది వాడేనట.
నొమూన్ చెప్పింది, నెమ్మదిగా, బూట్లు తొడుక్కుంటూ.
అంటే బొమ్మలో నా చేతికిచ్చిన ఆ టార్చి
వాడిది.

ఇప్పుడు ఆ రెండు కాయితాలూ నల్లబల్ల పైన మేకుకున్నాయి.
మొదటిదాని మీద నా ఎర్ర అక్షరాలు నేనే కొట్టేసి
"మూడే, ఒప్పు" అని రాసి సంతకం పెట్టాను.
కొత్తగా వచ్చే పిల్లలకి ఆ పాఠం
టార్చి పట్టుకున్న నా దగ్గరే మొదలు.

నా ముక్కు మాత్రం అంత పొడుగు కాదు.
ఆ తప్పొక్కటీ
దిద్దకుండా వదిలేశాను.