మూడో కప్పు

అస్మారాలో ఇప్పుడు మేం ఐదుగురం
ఒక గదిలో కూర్చోకూడదు.
పాట అసలే కూడదు.
కాఫీ జోలికి మాత్రం ఇంకా ఎవరూ రాలేదు.

ఆరయ్యేసరికి ఎవరింట్లో వాళ్లం
బొగ్గుల మీద గింజలు వేయిస్తాం.
వాసన గోడలు దూకి
వీధి మలుపులో కలుసుకుంటుంది,
మాకు బదులు.

తర్వాత రోకళ్లు.
మూడు దెబ్బలు, ఒక ఊపిరి, మళ్లీ రెండు.
నోట రానివ్వని కీర్తన
ఆ లెక్కలోనే నలుగుతుంది.
ముందు లెతెబ్రహాన్, ఆ పైన నేను,
చివర బేకరీ మేడ మీద ముసలి ఒక్బాజ్గి,
ఎప్పుడూ ఒక దెబ్బ వెనక.
మగాడు కాఫీ దంచడమేమిటని పక్కింటాళ్ల నవ్వు.

మొన్న మంగళవారం
మొదటి రోకలి మోగలేదు.
నా గింజలు రోట్లోనే చల్లారాయి.

ఆమె తలుపుకి తాళం.
గుమ్మంలో పిల్లాడి ఒంటి చెప్పు.

చాలాసేపటికి ఒక్బాజ్గి అందుకున్నాడు,
ముందు ఆమె వంతు,
నా తర్వాత మళ్లీ తన వంతు,
తాళం తప్పకుండా, మొదటిసారి.

మూడో కప్పుని మేం బెరెకా అంటాం, దీవెన.
పల్చన. దాదాపు నీళ్లే.
రెండు కప్పుల్లో పోశాను.
ఒకటి తాగాను.
రెండోది
బొగ్గుల దగ్గరికి జరిపాను.