భూమ్మీద ఎక్కడైనా అర్ధరాత్రి

దరఖాస్తుకి ఆఖరు: ముప్పయ్యో తారీఖు,
భూమ్మీద ఎక్కడైనా అర్ధరాత్రి.
అంటే పసిఫిక్‌లో మనుషుల్లేని ఏదో దీవి మీద
తేదీ మారేదాకా తలుపు తెరిచే ఉంటుంది.
ముసఫ్ఫాలో లెక్కేసుకుంటే
మర్నాడు సాయంత్రం నాలుగు.
పదహారు గంటలు, ఊరికే.
లెక్కలవాళ్ళం ఒకరికొకరం
ఇలాంటి దయలు చేసుకుంటూ ఉంటాం.

కబుర్లకేం, రోజూ వస్తాయి.
ట్రోండ్‌హైమ్‌లో రెండేళ్ళ కొలువు.
లిస్బన్‌లో వేసవి బడి, తిండీ బసా వాళ్ళవి, విమానం మనది.
అనిశ్చితి మీద ఒక పత్రిక ప్రత్యేక సంచిక,
గడువు మళ్ళీ పొడిగించారు.
ఎవరో పెద్దాయనకి డెబ్భై నిండాయని సదస్సు.
నాకు ముప్పై ఎనిమిది.
వీసాలో నా వృత్తి: క్లర్కు.

కంటెయినర్ ఆఫీసు తలుపు తోస్తే
ఏసీ కింద బకెట్టు, బకెట్టులో చుక్క.
నా పని బస్సులు.
పదకొండు క్యాంపులు, నలభై మూడు బస్సులు,
రెండు వేల ఆరువందల మంది.
ఎవర్ని ఎక్కడ ఎక్కించి ఎక్కడ దించితే
డీజిల్ తక్కువ తాగుతుందో చెప్పాలి.

షరతులు నేనే రాశాను.
సీట్లకి మించి ఎక్కించకూడదు.
ఎండల మూడు నెలలూ పన్నెండున్నర నుంచి మూడు దాకా
ఆరుబయట పని ఉండకూడదు, అది ప్రభుత్వం మాట.
మనిషి క్యాంపులో ఎనిమిది గంటలు ఉండాలి.
ఇది నా మాట. పదిహేడో వరస.

అప్పుడొచ్చింది కొత్త సైటు,
నూట అరవై కిలోమీటర్ల అవతల, ఇసకలో.
సాల్వర్ నలభై నిమిషాలు గింజుకుని
సాధ్యం కాదంది.

"పదిహేడుని కాస్త మెత్తన చెయ్యమ్మా," అన్నాడు కురువిల సార్.
తప్పేం కాదు, అదో పద్ధతి.
హనుమకొండలో మూడేళ్ళు నేనే పాఠం చెప్పాను:
గోడ తీసేసి ఆ చోట జరిమానా పెట్టడం.
దాటొచ్చు, దాటినందుకు ఇంత.
ఎంత?
లీటరు డీజిల్ ధర గోడ మీద అంటించి ఉంది.
నిమిషం నిద్ర ధర ఎక్కడా అంటించి లేదు.
సున్నా పాయింట్ సున్నా ఎనిమిది పెట్టాను.
దానికి జవాబొచ్చింది, అందుకని.
గీత అందంగా దిగి, చదునై, ఆగింది.

పందొమ్మిదో నెంబరు బస్సు ముత్తెన్న,
కోరుట్ల అవతలి మనిషి,
తన కాయితం కోసం వచ్చాడు.
"మూడింటికి తియ్యాల్నా మేడం బండి?"
"మూడూ పది."
"రాత్రి పదకొండుకు దించుడు..."
వేలితో గళ్ళ మీద నడిచాడు.
"మంచిగనే ఉన్నది. మరి నేనెప్పుడు పండుకుంట?"

కోపంగా అడగలేదు.
జవాబు అవతలి వైపు ఉంటుందేమోనని
కాయితం తిరగేసి చూశాడు.

ఆయన వెళ్ళాక వెతికాను.
పదిహేడో వరస గట్టిగా ఉన్న రోజుల్లో కూడా
అందులో డ్రైవర్లు లేరు.
ఎక్కేవాళ్ళే మనుషులు నా లెక్కలో.
నడిపేవాడు బస్సులో ఒక భాగం,
టైరులాగా.

దరఖాస్తులో ఆఖరి ప్రశ్న:
మీ పరిశోధన ఎవరికి ఎలా ఉపయోగపడింది,
మూడువందల మాటల్లో.
డీజిల్ పదకొండు శాతం మిగిలిందని రాసి
కొట్టేశాను.
పదిహేడుని మళ్ళీ గోడ చేశాను.
దాని కింద పద్దెనిమిది,
ముత్తెన్నతో మొదలుపెట్టి నలభై మూడు పేర్లు,
నెంబర్లు కాదు, పేర్లే.
సాధ్యం కాదంది సాల్వర్, ఈసారి రెండే నిమిషాల్లో.
ఇంకో తొమ్మిది బస్సులు కొంటే అవుతుందని కూడా తేల్చాను.
ఆ కాయితం కురువిల సార్ టేబుల్ మీద,
టీ గ్లాసు కింద పెట్టాను, ఎగిరిపోకుండా.

మూడూ పది.
దరఖాస్తులో ఒక్క వాక్యమే ఉంది:
ఒక సమస్యకి పరిష్కారం లేదని నిరూపించాను.
ఇంకా రెండువందల తొంభై నాలుగు మాటలు కావాలి.

కిటికీలోంచి పందొమ్మిదో నెంబరు,
అద్దానికి అట్టముక్క అడ్డం,
స్టీరింగు మీద తల.
ఆ దీవి మీద
ఇంకా నిన్నే.