ముల్లు వాలకుండా

నాది మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వెల్డింగు పని.
ఆగస్టు దాటితే పైపులు కడిగి ఆరబెడతారు,
మమ్మల్నీ అంతే.
ఆ ఖాళీలో పిలిచినాడు గ్రీమ్స్‌పేట ఎతిరాజులు:
"అబ్బయా, ఒక ముంత చెయ్యాల. స్టీలుది.
నీళ్లకి కాదు."

షెడ్డులో టార్పాలిన్ కింద బండి.
నాకంటే రెండేళ్లు పెద్దది.
ఎర్రరంగు ఎండకు కాగి ఇటికరాయి రంగుకొచ్చింది.
బానెట్ ఎత్తితే ఆరు ఇంజెక్టర్లు,
గూట్లో నోళ్లు తెరిచిన పిచ్చుక పిల్లల మాదిరి.

పళ్ల డాక్టరు ఆండాళుది ఆ బండి.
(నాదీ పళ్ల పనే అంటే నవ్వింది.)
"తిన్నగా పోతే గుర్రం.
మొగిలి ఘాట్‌లో కుడి మలుపు కొడితే
గొంతు పట్టినట్టు ఒక్క దగ్గు.
ట్యాంకు నిండుంటే రాదు,
పావుకి దిగితేనే."

ముందే ముగ్గురు చూసినారంట.
ఒకాయన ప్లగ్గులు మార్చినాడు,
ఒకాయన కాయిలు మార్చినాడు,
బెంగుళూరాయన బిల్లు మార్చినాడు.

ఎతిరాజులు ఏమీ మార్చలేదు.
మధ్యాన్నం తింటా తింటా
కంచం పక్కకి వంచి రసం చూపించినాడు.
"ఈ పక్క ఎండిపోయిందా?
పంపు నోరు ఈడుంది.
ట్యాంకులో పెట్రోలు ఉంది.
నోటికాడ లేదు."

కార్బురేటరు బండికి బుగ్గన రవ్వంత దాచుకునే గిన్నె ఉంటాదంట,
ఒక మలుపు దాని మీద గడిచిపోతాది.
దీనికి బుగ్గ లేదు.
ఏ పూట కూలి ఆ పూటకే.
"గాలి మింగితే పంపన్నా మూలుగుతాది.
పిస్టను మూలగదు,
నెత్తిన బొక్క పడినాక చెప్తాది."

నేనేమీ అనలేదు.
నాకు రావాల్సిన మూడు నెల్ల డబ్బులు కూడా
ఫ్యాక్టరీలోనే ఉండాయి,
ఏదో ఒక మలుపులో, పక్కకి ఒరిగి.

ట్యాంకు దించితే అడుగున తుప్పు,
జల్లెడ మూసుకుపోయి చెప్పు అట్ట మాదిరి.
పంపు ఎర్త్ వైరుకు పచ్చగా చిలుము.
అవన్నీ ఆయన పని. నా పని ముంత.

గుజ్జు లైనులో మిగిలిన నాలుగంగుళాల పైపు, జానెడు.
అడుగుకొక బిళ్ల, మీదకొక బిళ్ల, నాలుగు ముక్కులు.
చిన్న పంపు ట్యాంకులోంచి తెచ్చి పోస్తానే ఉండాల,
నడమ గుక్కెడు గాలి తెచ్చినా సరే.
పెద్ద పంపు అడుగు నుంచి తాగాల.
ఇంజను వద్దన్నది తిరిగొచ్చేటప్పుడు
నేరుగా పడకూడదు,
గోడను రాసుకుంటా సుడి తిరగాల,
మజ్జిగ చిలికినట్టు.
బుడగ పైకి, బరువు కిందికి.
మిగిలింది, గాలితో సహా, మీద ముక్కులోంచి ట్యాంకుకే.

సబ్బునీళ్లు పూసి గాలి కొట్టినాం.
మూడో ముక్కు మొదట్లో
ఆవగింజంత బుడగ.
ఎతిరాజులు నా మొగం చూడకుండా బీడీ ముట్టించేదానికి బయటికి పోయినాడు.
మళ్లీ కాల్చినా.

తెల్లారి ఐదుకు, పావు ట్యాంకుతో, కావాలనే.
గేజిని అద్దం మీద బయట పక్క టేపుతో అంటించి
ఆమె నడిపింది.
మూడు మీద ముల్లు.
మొదటి మలుపు, మూడు.
రెండో మలుపులో పలమనేరు టమాటా లారీ ఎదురు,
ఆమె బ్రేకు తొక్కి, తిప్పి, మళ్లీ నేలకంటా తొక్కింది.
పొట్టలో నా ఇడ్లీ ఎడమకు పోయింది.
ముల్లు వెంట్రుకంత వణికింది.
నిలబడింది.

పలమనేరులో టీ తాగతా అడిగినా,
"ఎప్పుడూ నిండుగా పోయించుకోమని చెప్తే సరిపోయుండేది కదన్నా?"
ఎతిరాజులు గ్లాసు ఊదుకున్నాడు.
"నిండుగా ఉన్నప్పుడు ఎవుడికైనా నడుస్తాదిలే."

దిగేటప్పుడు వెనక సీట్లో నేనొక్కణ్ణే.
నా వీపు వెనక, డిక్కీలో,
రెండుసార్లు కాల్చిన ముక్కుతో,
ఎవురికీ కనపడకుండా
లీటరున్నర సుడి తిరగతా ఉంది.