పదిహేడో సాలు

మాటో గ్రోసోలో జనవరి.
నా పని వేళ్ళకు మార్కులు వేయడం.
సున్నా నుంచి ఐదు దాకా.
ఇక్కడ సున్నాకే మొదటి బహుమతి.

సోయా మొక్కను చేత్తో పీకకూడదు,
పీకితే రోగం నేల్లోనే ఉండిపోతుంది.
పారతో చుట్టూ తవ్వి
బకెట్ నీళ్ళలో
పసిపిల్ల తల కడిగినట్టు కడగాలి.
అప్పుడు కనిపిస్తాయి రెండు రకాల ముడులు.
బొటనవేలితో నెడితే రాలేది
గాలిలోంచి ఎరువు వండిపెట్టే బుడిపె.
ఎంత నెట్టినా రానిది
నులిపురుగు ఇల్లు.
వేరే ఇల్లు కాదది,
వేరే ఇల్లు.

ఇలారియో దలాకోర్ట్ కంచె అవతల నిలబడి
మాటే గొట్టం చప్పరిస్తూ అడుగుతాడు,
"నా గింజకెంత?"
పదకొండేళ్ళుగా ఒకటే రకం.
దక్షిణాది నుంచి లారీలో వస్తూ
జెనీరా ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన మూట.
జెనీరా ఇప్పుడు సహకార సంఘంలో కాటా దగ్గర కూర్చుంటుంది.
ఏటేటా బస్తాలు తగ్గడం
అందరికన్నా ముందు ఆమెకే తెలుసు.
ఇంట్లో చెప్పదు.

మిట్టమధ్యాహ్నం ఆయన చేలో
గుండ్రటి మచ్చలుగా మొక్కలు తల వాలుస్తాయి.
ఎండ అంటాడు.
నిరుడు పొటాష్ అన్నాడు.
అంతకుముందు, విత్తే మిషన్.

పదిహేడో సాలు ఆయన రకమే.
ఐదు.
నాలుగు మళ్ళలోనూ ఐదే.
వేరు కాదది, అల్లం కొమ్ము.

చేతిలో పెట్టాను. చాలాసేపు
బొటనవేలితో నెడుతూనే ఉన్నాడు.
"అయితే తీసేస్తారా?"

తీసేయం.
ఎందుకో చెప్పడానికి నాకు నోరు రాలేదు.
దాన్ని ఏటా వేస్తాం,
గెలుస్తుందని కాదు.
అది ఓడితేనే
ఈ మట్టిలో పురుగుందని రుజువు.
అది పచ్చగా నిలబడిన ఏడు
పక్క సాళ్ళ సున్నాలన్నీ ఉత్త సున్నాలు,
ఆ ఏటి పుస్తకం మొత్తం కొట్టేస్తాం.

ఇవన్నీ జెనీరాకి చెప్పాను, కాటా దగ్గర, లారీల మధ్య.
ఆమె చీటీ రాస్తూ "ఊఁ" అంది.

మే నెలకి కంచె అవతల
సోయా కోసిన చోట జనుము పసుప్పచ్చగా పూసింది.
లోపలికి దూరిన పురుగు
అందులో పిల్లల్ని పెట్టలేదు.
కాటాకెక్కని పంట.
ఊళ్ళో నవ్వారు.

అక్టోబరులో, మొదటి వానకి ముందు
ఇలారియో పాలడబ్బా పట్టుకొచ్చాడు.
నిండా పాత గింజ, ఏరి, బాగుచేసి.
"మీ పదిహేడో సాలుకి" అన్నాడు.
కంచె దాకా వెళ్ళి
వెనక్కి తిరిగాడు.
"ఐదుకి తగ్గిందో, ఊరుకోను."