హారం

పేపర్ల ఏమున్నదంటే:
సిరొంచ పరుగుల మూడోవంతు మందు.
రాజమల్లు గట్టిగ చదివిండు, మందుల దుకాణం షట్టర్ సగం దించి.
ఎవలన్న వింటరని కాదు, ఎండకు.

ఆ దినం బాత్రూం తలుపుకాడ నిలబడ్డ టీచర్ని నేనే.
మెడల బిల్ల ఏసి, నిఘా మనిషివి అన్నరు.
పిల్ల సీసా నింపుతుంటె చూడాలె, చూడనట్టు ఉండాలె.
ఇరవయ్యేండ్ల లెక్కల పాఠంల ఎన్నడు రాని పని.

పెట్టెల సీసాలు ఆరు జతలు.
ఉరికినోళ్ళు నాలుగువందల పన్నెండు మంది.
ఆరింటిల రెండు చెడ్డయి.
గంతే.

"ఆరింటిల మూడోవంతు," అన్న నేను. "ఊరందరిల కాదు."
"రెండు తప్పులైతె దొరికినయి గద టీచరమ్మా."

ఆరుగురిని ఎట్ల ఏరిన్రో చూసిన:
ముందల వచ్చిన ముగ్గురు,
చేతుల మీద నరాలు ఉబ్బిన పోలీసు భర్తీ పోరడు,
నీళ్ళకాడ కూలబడ్డ ఒకడు,
ఆడపిల్ల ఒకతన్న ఉండాలని తలండి జైనీ.
మిర్చి కల్లంల బేరగాడు గిట్లనే,
కుప్ప మీది పిడికెడు తీసి, తాలు కాయ పైకి పట్టి
కుప్పంత తాలే అంటడు.
అది బేరం. లెక్క కాదు.

జైనీకి ఉబ్బసం. గోలీ క్యాంపు డాక్టరు రాసిచ్చిందే,
చీటి సంచిల మడతపెట్టి ఉండె.
ముందుగాల ఒక ఫారం నింపాల్నట.
ఆ ఫారం ఉన్నదని నాకే తెల్వది.

"సరే, మరి భామ్రాగడ్‌ల సున్న వచ్చింది," అన్నడు రాజమల్లు.
"వాళ్ళు మంచోళ్ళు, మనం చెడ్డోళ్ళం?"
అక్కడికి పెట్టె పోనేలేదు. వాగు రోడ్డెక్కింది.
వెతికినంక వచ్చిన సున్న ఒకటి, వెతకని సున్న ఒకటి,
రెండిటికి ఒకటే గుండ్రం గీస్తం.

గెలిచిన అనుకున్న.
గప్పుడు ఆయన ఫ్రిజ్ తలుపు మీద చెయ్యి పెట్టి
నా దిక్కు చూడకుంట అన్నడు:
"మొన్న నేను పొడిచిన సూదులు పదకొండు.
నీ ఆరుగురిల ఒక్కడు లేడు."

పదకొండు.
దీన్ని ఏడ కూసోబెట్టాలె?
మూడోవంతు ఎక్కువని కొట్లాడిన నోటితోని
తక్కువేమో అని ఎట్లనాలె?
పేర్లు చెప్పు అన్న.
"నాకు పిల్లలున్నరు," అన్నడు. పోరలకు ఉన్నరు గద తల్లులు, అనలే నేను.

మా తమ్ముడు ప్రాణహిత మీద గేజి చదివే కొలువు.
పగలు గంటగంటకు రాస్తడు.
రాత్రి ఏరు లేచి దిగితె
తడి మరక మెట్ల మీద ఉంటది,
రిజిస్టర్ల ఉండది.

తెల్లారి ఐదో తరగతిల భిన్నాలు.
బడి మరాఠీ. గీత కింది అంకెను ఛేదం అనాలె, అంటె కోత.
ఇంటికాడ మేం హారం అంటం.
ఎనుక బెంచి పోరి ఒకతె తెలుగుల అడిగింది,
హారమంటె దండ గద టీచర్?
ఏరు దాటితె దండ, ఈ ఒడ్డున కోత.
పిల్లలు నవ్విన్రు. నేను సుద్దముక్క కింద పెట్టిన.

జైనీ మెడల ఆ దినం బంతిపూల హారం ఏసిన్రు.
పేపర్ వచ్చినంక వాపస్ అడిగిన్రు,
పూలు కాదు, పూలు అప్పటికే వాడినయి, పతకం.
ఇంకో పిల్లకు ఇచ్చిన్రు. ఆమెకు సీసా పట్టనే లేదు.

అసరెల్లి రోడ్డు మీద పొద్దుగాల ఐదింటికి
జైనీ ఇంకా ఉరుకుతది. రెండేండ్ల దాక ఏ పోటీల పేరు రాసుకోరు.
ఒక్కతె ఉరుకుతది, ఒక్కదాన్ని గడియారం పట్టుకుంట.
ఇయ్యాల మైలురాయికాడ వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టి,
"ఎంతొచ్చింది టీచర్?" అన్నది.
అంకె నా గుప్పిట్ల ఉన్నది.
ముందుగాల ఊపిరి తీసుకో, అన్న.